మడ్డి కేంద్రంలో మడి

గౌరవనీయులైన విచారణ సంఘం వారికి, మూడో దిబ్బ మడ్డి కేంద్రంలో రిజిస్టరు రాతగాడు, రెండో ప్రయత్నంలో బీటెక్ కెమికల్ పాసైన గొర్లె సుధాంశు సాష్టాంగపడి చేసుకుంటున్న క్షమాపణ.

ముందుగా సముద్రం తరఫున క్షమించండి. అది మా దిబ్బ చుట్టూ చేరడం, గట్టు కిందనుంచి ఊరడం, రోజూ తోడిపోస్తే తప్ప ఊరుకోకపోవడం నా హయాంలోనే జరిగాయి. పుట్టేముందు నేను ఇంకాస్త ఆలోచించి ఉండాల్సింది.

రెండవది, కంటికి కనబడని పురుగుల తరఫున. అవి మీ అనుమతి లేకుండా తింటున్నాయి, పెరుగుతున్నాయి, పిల్లల్ని కంటున్నాయి. జనాభా లెక్కల్లో పేరు రాయించుకోమని వాటికి చెప్పవలసిన బాధ్యత నాదే. చెప్పలేదు.

మూడవది, తెలుగు భాష తరఫున. ఒక అక్షరం కింద ఇంకో అక్షరాన్ని వేలాడదీయాలన్న ఆలోచన మా పూర్వీకుల్లో ఎవరో ఒకరిదే అయి ఉంటుంది. వాళ్ళకి వేరే పని ఉండేది కాదని విన్నాను.

మీరు అడిగిన రిజిస్టరు నకలు కింద ఉంది. పేజీల మీది మరకలు నా తుమ్ములవి. వాటికి కూడా క్షమాపణ.

రోజు 1

ఉదయం ఏడింటికి బజ్జీల సైరన్ మోగింది. ఈ వారం మా వీధికి మనిషికి ఆరు. నాలుగు తిని, రెండు జేబులో వేసుకుని, "తింటిని" అని సంతకం పెట్టాను.

డీజిలు వాడిన నూనెతోనే తయారుచేయాలని పాత చట్టం ఒకటుంది. వాడిన నూనె ఎప్పుడో అయిపోయింది. చట్టం మాత్రం అయిపోలేదు. కాబట్టి పడవల్లో దిగే కొత్త నూనెను ముందు వాడినదిగా మార్చాలి. ఆ మహత్కార్యం మా దిబ్బకు అప్పగించారు. పొద్దున బజ్జీ, మధ్యాహ్నం అప్పడం, సాయంత్రం పూరీ. ఇడ్లీ తినేవాళ్ళ మీద నిఘా ఉంది.

అలా వాడిన నూనె డీజిలవుతుంది, డీజిలు పైపుల్లో రాజధానికి పోతుంది. పది డబ్బాల డీజిలు దిగితే అడుగున ఒక డబ్బా మిగులుతుంది, జిగటగా, తియ్యగా, సబ్బు వాసనతో, బెల్లంపాకం స్నానం చేసొచ్చినట్టు. అది మడ్డి. మడ్డి మాకు. దానితోనే మా ఆరు పంపులూ నడవాలి. నడవకపోతే సముద్రం ముందు పల్లపు వీధిలోకి, తర్వాత మార్కెట్లోకి, ఆఖర్న గట్టు వీధిలోకి వస్తుంది. నేనుండేది గట్టు వీధి. ఈ వరస నేను పెట్టింది కాదు.

మడ్డిని పంపు తాగే నూనెగా మార్చేది నూకరత్నం పిన్ని. పల్లపు వీధి మనిషి, నాకు చుట్టం కాదు, దిబ్బ మొత్తానికి పిన్ని. మడ్డిలో నీళ్ళు పోసి, చింతపండు పులుసు కలిపి, పైకి తేలిన సబ్బు తెట్టు తీసేసి, డ్రమ్ముకెత్తి తోడు వేస్తుంది. పెరుగుకి వేసే తోడు లాంటిదే. మడ్డి తిని బతికే పురుగు ఒకటుంది. అది పిన్ని ఇంట్లో తరవాణి కుండలో, పులిసిన గంజిలో పుట్టింది. దాని పేరు కాలేజీలో లాటిన్‌లో చెప్పారు, నా మొదటి ప్రయత్నం పోయింది దానివల్లే. పిన్ని వాటిని "మనోళ్ళు" అంటుంది. మూడు రోజుల్లో మనోళ్ళు మడ్డి తినేసి నురగ కడతారు. దాన్ని కాచి ఆవిరి పడితే నీళ్ళలా పల్చగా, ముక్కు మండిపోయేలా దిగేదే ద్రవసారము. చివరి "ము" చాలా ముఖ్యం. అది తీసేసి పిలిస్తే పంపు ఆపరేటర్లు గ్లాసులు పట్టుకొస్తారు.

"పిన్నీ, డ్రమ్ము వేడి ఎంతని రాయను?"

ఆవిడ మోచేతి దాకా ముంచి చూసింది. "పసిపిల్లకి నీళ్ళోసేంత."

"అంటే ఎన్ని డిగ్రీలు?"

"నీకు పిల్లలున్నారేటి, సెప్తే తెలవడానికి?"

ముప్పై ఏడు అని రాశాను.

మధ్యాహ్నం పడవలో రాజధాని నుంచి ఉత్తర్వు దిగింది. రాజధానిలో ముద్రణ యంత్రం సిరా పొదుపు చేస్తుంది. ఒక అక్షరం కింద మళ్ళీ అదే అక్షరం దండగ కదా అని ఆ ఒత్తుల్ని మింగేస్తుంది. "అనం" అని వస్తే మేం అన్నం అని చదువుకుంటాం, అలవాటైపోయింది. అర్థంలేని మాటతో ఇబ్బంది లేదు, అర్థమున్న మాట పడితేనే ప్రమాదం. పోయినేడు "బడ్డీలు మూసివేయవలెను" అన్నది "బడీలు" అని వచ్చింది. దీర్ఘం ఒకటి పొరపాటున పడిందని తేల్చి బడులు మూసేశారు. పిల్లలు ఆ రెండు నెలలూ బడ్డీల దగ్గరే గడిపారు.

ఇవాళ్టి ఉత్తర్వు ఇది:

"ద్రవసారము తయారీ యావతూ ఇకపై మడితోనే జరగవలెను. మడి కానిచో పడవ శిక్ష. మడి విషయమున ఎటి సడలింపు లేదు."

మా మేనేజరు పేరిశెట్టి వరహాలరావు గారు దాన్ని చదివి, కళ్ళకద్దుకుని, బోర్డుకి అంటించారు.

"సార్, అది మడ్డి. ఒత్తు పోయింది. ఎవరో బెల్లం కలుపుతున్నారని మొన్న గొడవైంది కదా, మడ్డితో మాత్రమే చెయ్యమంటున్నారు," అన్నాను.

"పోయిందని నీకెవరు చెప్పారు?"

"మనది మడ్డి కేంద్రం కదా సార్."

"ఏమయ్యా, మడ్డి కేంద్రానికి మడ్డితో చెయ్యమని చెప్పడానికి రాజధానిలో అంతమంది కూర్చున్నారా? మనకి తెలియనిది చెప్తేనే అది ఉత్తర్వు."

ఈ వాదాన్ని ఉన్నదున్నట్టు రిజిస్టరులో ఎక్కించాను.

రోజు 2

మడి అంటే ఏమిటో దిబ్బ మీద ఎవరికీ తెలియదు. పొలం మడి అని ఒకరన్నారు. పొలం అంటే ఏమిటని ఇంకొకరు అడిగారు. చివరికి తొంభై నాలుగేళ్ళ సూరీడమ్మ మామ్మను కుర్చీతో సహా మోసుకొచ్చారు.

"మడి అంటే ఏంటి మామ్మా?" మేనేజరు గారు ఆవిడ చెవిలో అరిచారు.

"మా అమ్మమ్మ కట్టుకునేదిరా. తడిబట్ట."

"ఇంకా?"

"ఎవర్నీ ముట్టుకునేది కాదు."

"ఎందుకని?"

"ముట్టుకుంటే మళ్ళీ తడపాలి కదరా బట్ట. చలికాలం."

అంతా రాసుకున్నారు. మామ్మకి ఆ పూట రెండు పూరీలు మాఫీ చేశారు. సాయంత్రానికి నియమావళి తయారైంది. ఒకటి, తడిబట్ట. రెండు, ఎవరూ ఎవరినీ ముట్టుకోరాదు. మూడు, డ్రమ్ములన్నీ సలసలా కాగిన నీళ్ళతో, సబ్బు పెట్టి, మూడేసి సార్లు కడగాలి. ఈ మూడోది మామ్మ చెప్పలేదు. అది మేనేజరు గారి సొంత కవిత్వం.

రోజు 4

"ఎవరూ ఎవరినీ ముట్టుకోరాదు" అన్నది నిన్న మధ్యాహ్నానికి "బయటివాళ్ళు ముట్టుకోరాదు" అయింది. సాయంత్రానికి "పల్లపు వీధివాళ్ళు ముట్టుకోరాదు" అయింది. ఎవరూ దిద్దలేదు, ఎవరూ ఓటు వేయలేదు, కాగితం మీద ఎక్కడా లేదు. దానంతటదే అక్కడికి జారిపోయింది, ఇదివరకు ఎప్పుడో వెళ్ళొచ్చిన దారి గుర్తున్నట్టు.

డ్రమ్ముల చుట్టూ పసుపుపచ్చ గీత గీశారు. నూకరత్నం పిన్నిని అవతల నిలబెట్టారు.

"ఏటి సారూ, ఇరవై ఏళ్ళ నుంచి ఈ డ్రమ్ముల్లో సెయ్యెట్టాను. మొన్నటిదాకా పనికొచ్చిన సెయ్యికి ఇయాల ఏటైంది?"

"నీ చేతికేమీ కాలేదు రత్నం," అన్నారు మేనేజరు గారు, ఎంతో మర్యాదగా. "బంగారంలాంటి చెయ్యి. ఉత్తర్వులో లేదు, అంతే."

"గీత దాటితే?"

"పడవ."

మా దిబ్బ మీద పడవంటే శిక్ష. మూడు రోజుల అప్పడాలు కట్టి ఇచ్చి, తెడ్డు లేకుండా తోసేస్తారు. వెళ్ళినవాళ్ళు ఎక్కడ తేలారో రాసే రిజిస్టరు లేదు.

పిన్ని స్థానంలో నలుగురు మడి ఆపరేటర్లను నియమించారు. అర్హతలు: డిగ్రీ, గట్టు వీధిలో నివాసం, సొంత తువ్వాలు. అందులో నేనొకణ్ణి. పై సంభాషణ జరిగినంతసేపూ నేను నా తడి తువ్వాలు పిండుకుంటున్నాను. చాలా శ్రద్ధగా పిండుకున్నాను. పిన్ని నావైపు చూసిందో లేదో నాకు తెలియదు, అంత శ్రద్ధగా.

రోజు 7

డ్రమ్ములు అద్దాల్లా మెరుస్తున్నాయి. మేనేజరు గారు వాటిలో చూసుకుని మీసం దువ్వుకున్నారు. అన్నీ ఉన్నాయి, నురగ లేదు. మూడు రోజులుగా మడ్డి మడ్డిలాగే కూర్చుంది. నాకు జలుబు, మిగతా ముగ్గురికీ జ్వరం. ముట్టుకోకూడదు కాబట్టి ఎవరి నుదురు ఎంత కాలుతోందో ఎవరికీ తెలియదు. అందరికీ ముప్పై ఏడు అని రాశాను.

పిన్ని రోజూ వస్తోంది. గీతకు జానెడు అవతల పీట వేసుకుని, చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చుంటోంది.

"పిన్నీ, నురగ రావట్లేదు."

"ఎలా వస్తాది బాబూ? మనోళ్ళని సబ్బెట్టి కడిగీసినారు కదా."

"మళ్ళీ పుట్టరా?"

"పుట్టమని నువ్వే సెప్పు. నీ మాటైతే ఇంటారు, బీటెక్కు కదా."

నిల్వ ఉన్న సారము తరిగిపోతోంది. ఇవాళ రెండు పంపులు ఆపారు. నాలుగు నడుస్తున్నాయి.

మేనేజరు గారికి చెప్పకుండా రాజధానికి ఉత్తరం రాశాను. "అయ్యా, తమ ఉత్తర్వులోని మాట 'మడ్డి' అని మా వినయపూర్వక అనుమానం. దయచేసి ధ్రువీకరించగలరు."

రోజు 12

జవాబు వచ్చింది. యథాతథంగా:

"మీ లేఖలో 'మడి' అను మాటకు అనవసరముగా ఒతు పెటబడినది. రాతలో దోషములు సరిదిదుకొని మరల పంపవలెను."

మేనేజరు గారు దాన్ని చూసి పొంగిపోయారు. "చూశావా! అనవసరంగా ఒత్తు పెట్టావని వాళ్ళే అంటున్నారు. ఇంకెప్పుడూ పెట్టకు."

మూడు పంపులు.

రోజు 15

రెండు పంపులు. పల్లపు వీధిలో చీలమండ దాకా నీళ్ళు.

మధ్యాహ్నం అప్పడాలు ఎగ్గొట్టి పిన్ని ఇంటికి వెళ్ళాను. ఆవిడ చీర ఎగదోపుకుని మూకుడుతో నీళ్ళు బయటికి తోడుతోంది. ఆ ఇంట్లో అన్నిటికంటే ఎత్తులో, ఉట్టి మీద, తరవాణి కుండ. దిబ్బ మీద బతికున్న మనోళ్ళు ఇక అందులోనే ఉన్నారు.

"గీతకి ఇవతలికి వచ్చావేటి? మైలపడిపోతావు," అంది, తోడడం ఆపకుండా.

"పిన్నీ, ఒక్కసారి వచ్చి తోడు వెయ్యి."

"మేనేజరు రమ్మన్నాడా?"

"లేదు. నేనే అడుగుతున్నాను."

"నోటిమాట మీద గీత దాటితే రేపు పడవెక్కేది నేను. నువ్వు రిజిస్టర్లో 'పడవ ఎక్కెను' అని రాస్తావు. ఒక్క అచ్చరం తప్పు లేకుండా రాస్తావు."

అది నిజం. నా చేతిరాత బాగుంటుంది.

"పోనీ కుండ ఇవ్వు. నేను వేస్తాను."

"మూడ్రోజులు గంట గంటకీ సెయ్యెట్టి సూడాల. వేడెక్కువైతే తడిగోనె కప్పాల, తగ్గితే తియ్యాల. నువ్వేటి సేస్తావు? ముప్పై ఏడు అని రాస్తావు." మూకుడు గోడకి ఆనించి, నడుం పట్టుకుని నిలబడింది. "ఇల్లు మునిగితే ఉట్టి ఇంకో మూరెడు పైకి కడతాను. అంతకన్నా పైకి కప్పు లేదు. ఆ తర్వాత నాకూ లేదు, మనోళ్ళకీ లేదు. నాకు తెలీదనుకున్నావా? తెలుసు. అయినా కాయితంలో నన్నొద్దన్నారు కాబట్టి కాయితమే నన్ను రమ్మనాల. అప్పుడొస్తాను."

నేను వస్తుంటే వెనకనుంచి పిలిచింది. "ఆ తడిబట్ట ఇప్పి పొడిది కట్టుకో. జొరమొచ్చి సస్తావు."

రోజు 18

ఒక్క పంపు. పల్లపు వీధిలో మోకాలు దాటింది. మార్కెట్లో బజ్జీల పొయ్యిలు ఆరిపోయాయి. జీవితంలో మొదటిసారి సైరన్ మోగలేదు. మా వీధివాళ్ళు కొందరు బహిరంగంగా ఇడ్లీ తిన్నారు. శాంతిభద్రతలు ఏ స్థితిలో ఉన్నాయో తమరు ఊహించవచ్చు.

మేనేజరు గారు గోడ మీద గుర్తు పెట్టి నీటిమట్టం కొలుస్తున్నారు. గంటకోసారి ఉత్తర్వు దగ్గరికి వెళ్ళి చదివి వస్తున్నారు, ఈసారి ఏమైనా వేరేగా ఉంటుందేమోనని.

"సార్, పిన్నిని పిలుద్దాం," అన్నాను.

"ఉత్తర్వు?"

"పల్లపు వీధిలో నూట నలభై ఇళ్ళు సార్."

"నాకు లెక్కలు రావనుకున్నావా?" తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. తడి తువ్వాలు కాబట్టి ఏది ఏ నీరో తెలియలేదు. "నేను ఉత్తర్వు పాటించే మనిషిని సుధాంశూ. అందులో ఏముంటే అది చేస్తాను. ఏముంటే అది. నాకు వేరే పని రాదు."

రోజు 19

ఈ ఉదయం ఒక విశేషం. బోర్డు మీది ఉత్తర్వు చాలావరకు కోలుకుంది.

ఎనిమిదింటికి మేనేజరు గారు ఎప్పటిలాగే వెళ్ళి చదివారు. కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ చదివారు.

"సుధాంశూ. ఇటు రా. ఇదేంటో చదువు."

"'ద్రవసారము తయారీ యావత్తూ ఇకపై మడ్డితోనే జరగవలెను. మడ్డి కానిచో పడవ శిక్ష. మడ్డి విషయమున ఎట్టి సడలింపు లేదు.'"

"నువ్వు చదివినట్టు కాదు. ఉన్నది ఉన్నట్టు చదువు."

"'యావతూ', 'ఎటి' సార్. మిగతాది ఉన్నది ఉన్నట్టే."

ఆయన కాగితానికి దగ్గరగా వంగారు. వేలు పెట్టి తడమబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"మొదట్నుంచీ ఇలాగే ఉందా?"

"ఉత్తర్వు దానంతటది మారుతుందా సార్?"

"మారదు," అన్నారాయన నెమ్మదిగా. "ఉత్తర్వు మారదు." ఆ తర్వాత, పంతొమ్మిది రోజుల్లో మొదటిసారి, పరిగెత్తారు. "రత్నాన్ని పిలవండి! ఎవరక్కడ, రత్నాన్ని పిలవండి!"

పిన్ని గీత దగ్గర ఆగింది. చంకన కుండ, మోకాళ్ళ దాకా బురద.

"కాయితం ఏటంటంది?"

నేను చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. చదివాను. నా ముఖంలోకి చూసి, అప్పడాల కొట్టు సన్యాసమ్మ గారిని పిలిచి ఆవిడ చేత కూడా చదివించుకుంది. అప్పుడు గీత దాటింది.

"ముందు ఆ సబ్బునీళ్ళు పారబొయ్యండి," అంది. "చింతపండు ఎంతుంది? కుర్రోళ్ళంతా తడిబట్టలిప్పి గోనెలు పట్టుకురండి. సూస్తారేటి!"

రోజు 22

ఉదయం నురగ. పిన్ని చేత్తో తీసి నాకు చూపించింది. "వొచ్చారు మనోళ్ళు," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మూడు రోజులుగా పడుకోలేదు. సాయంత్రానికి రెండు పంపులు నడిచాయి.

వేడి ఎంతని ఆవిడని అడగలేదు. డ్రమ్ములో నేనే చెయ్యి పెట్టి చూశాను. పసిపిల్లకి నీళ్ళు పోసేంత అని రాశాను.

రోజు 25

ఆరు పంపులు. పల్లపు వీధిలో నేల కనబడింది. జనం చాపలు, పరుపులు కప్పుల మీద ఆరేశారు. బజ్జీల సైరన్ మోగితే ఎవరో చప్పట్లు కొట్టారు, సిగ్గుపడి ఆపేశారు.

మేనేజరు గారు రాజధానికి నెలవారీ నివేదిక పంపారు. దాని నమూనాలో "మడి పాటించబడినదా?" అని ఒక గడి ఉంది. ఔను అని టిక్కు పెట్టారు. "మడ్డి గురించే అడిగి ఉంటారు," అన్నారు నాతో, నా కళ్ళలోకి చూడకుండా.

రోజు 31

ఇక్కడి నుంచి జరిగింది తమకు తెలుసు. రిజిస్టరుకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

తమరు మొదట వచ్చింది విచారణకు కాదు, సన్మానానికి. మడి పాటించి ఆరు పంపులు నడిపిన ఏకైక దిబ్బగా మాకు శాలువా కప్పడానికి. శాలువా తడిపి తెచ్చారు కూడా. తీరా లోపలికి వచ్చి చూస్తే పల్లపు వీధి ఆడమనిషి మోచేతి దాకా డ్రమ్ములో చెయ్యి పెట్టుకుని, "జరగండి బాబూ, వెలుతురుకి అడ్డం," అంది అధ్యక్షుల వారితో.

తమ దగ్గరున్న కాపీ తీశారు. అందులో మడి అనే ఉంది. బోర్డు మీది కాపీలో మడ్డి అని ఉంది. యంత్రం తప్పు చేయదు కాబట్టి బోర్డు మీది కాపీని ఎవరో దిద్దారు. దిద్దినందువల్ల లాభం పొందింది నూకరత్నం. కాబట్టి దిద్దింది నూకరత్నం. రెండు నేరాలు, గీత దాటడం, ఉత్తర్వు దిద్దడం. ఇంత చక్కటి తర్కం నేను కాలేజీలో కూడా చూడలేదు.

"నాకు అ రాదు," అంది పిన్ని. "ఒత్తు ఎక్కడెట్టాలో నాకేటి తెలుసు?"

"తెలియనట్టు నటించుచున్నది" అని తమరు రాయించారు. రాసింది నేనే. ఒక్క అక్షరం తప్పు లేకుండా.

శనివారం పడవ. అంటే రేపు.

రోజు 32, ఉదయం

పిన్ని అప్పడాల మూట కట్టుకుంది. అప్పడాలు తిని తిని గుండె మంటగా ఉందని, వాటి బదులు చద్దన్నం పెట్టుకోవచ్చా అని అడిగింది. నియమాలు ఒప్పుకోవన్నారు. తరవాణి కుండని సన్యాసమ్మ గారికి అప్పగించింది. గంజి ఎప్పుడు పొయ్యాలో, ఎంత ఉంచి ఎంత తియ్యాలో, రెండు గంటలు కూర్చుని చెప్పింది. ఏడవలేదు. నన్ను చూసి, "ముక్కు కారడం తగ్గిందా?" అని అడిగింది.

మేనేజరు గారు నన్ను పక్కకి పిలిచారు. ఆయనకి తెలుసు. పంతొమ్మిదో రోజు నుంచీ తెలుసనుకుంటాను. "ఊరుకోవయ్యా," అన్నారు గుసగుసగా. "ఒప్పుకుంటేనే అది తప్పవుతుంది. లేకపోతే అది ఉత్తర్వే."

అయ్యా, పైన చేసిన క్షమాపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. సముద్రం నేను పిలిస్తే రాలేదు. పురుగుల్ని నేను కనలేదు. భాషకు ఒత్తులు నేను తగిలించలేదు. నేను చేసింది ఒక్కటే.

పంతొమ్మిదో రోజు ఉదయం ఆరుంబావుకు, ఎవరూ రాకముందు, స్టూలెక్కి బోర్డు మీది ఉత్తర్వులో మూడు చోట్ల "డి" కింద "డ" పెట్టాను. మొదటి రెండూ బాగానే కుదిరాయి. మూడోది వంకర పోయింది. "యావతూ", "ఎటి" అలాగే వదిలేశాను. వాటివల్ల ఎవరి ఇల్లూ మునగడం లేదు.

నూకరత్నం గీత దాటినప్పుడు గోడ మీద మడ్డి అనే ఉంది. ఆవిడకి చదువు రాదు. చదివి వినిపించింది నేను. ఆవిడ ఉత్తర్వు పాటించింది, ఈ దిబ్బ మీద మనందరికంటే నిక్కచ్చిగా. నమ్మకం కుదరకపోతే ఈ రిజిస్టరు ఏ పేజీ అయినా తీసి "మడ్డి" అన్న మాట పక్కన బోర్డు మీది కాగితం పెట్టి చూసుకోండి. నేను డ ఒత్తుకి తోక కాస్త పొడుగ్గా లాగుతాను.

పడవ తొమ్మిదింటికి అన్నారు. నేను రేవులో ఉంటాను, పొడిబట్టలతో. ఆవిడని దింపండి.

ఆ ఒత్తు నాది.

గొర్లె సుధాంశు